నాన్న అద్దిన గుడ్డ

ఒక అమ్మాయి ముఖం ఎవరికీ కనపడకుండా కప్పుతానని మాటిచ్చాను. కప్పాను కూడా. కప్పిన ఆ గుడ్డతోనే ఆమె ఎవరో ఊరంతటికీ చెప్పేశాను. ఆ తర్వాత ఆ నింద తీసుకెళ్ళి ఇంకొకావిడ నెత్తిన రుద్దాను. ఇన్నేళ్ళూ నేను మోసింది ఇదే. గొంతులో ముల్లులా ఉండిపోయిందని రాయబోయి ఆగాను. ముల్లయితే ముద్ద దిగదు కదా, నాకు శుభ్రంగా దిగింది. పెళ్ళిళ్ళకి వెళ్ళాను, కేసులు వాదించాను, శాలువాలు కప్పించుకున్నాను. ఎవరైనా "మీలాంటి వాళ్ళుండబట్టే మేడమ్" అని మొదలుపెట్టినప్పుడు మాత్రం గబుక్కున మాట మార్చేసేదాన్ని.

నా పేరు చెప్పను. ధైర్యం చాలక. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ దగ్గర మొదలుపెట్టానంటే నా తరఫున నేనే వకాల్తా పుచ్చుకుని, రెండు మాటల్లో నన్ను నేనే నిర్దోషిగా తేల్చేసుకుంటాను. అంత పనీ చేశాను చాలాసార్లు, మనసులో. ఈసారి వాదించను. జరిగింది జరిగినట్టు చెప్తాను.

పుట్టింది పెడనలో. మా నాన్న కలంకారీ షెడ్డులో అద్దకం పని చేసేవాడు. చెక్క అచ్చుని రంగులో ముంచి, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేవాడు. రోజంతా అదే చప్పుడు. అద్దకానికి ముందు గుడ్డని నానబెట్టే కరక్కాయ నీళ్ళ వాసన మా ఇంటి గోడలకి కూడా పట్టేసి ఉండేది. నన్ను చదివించాడు. బందరులో లాయరునయ్యాను, అక్కణ్ణుంచి పార్టీలోకి వచ్చాను. నాకు మాట బాగా వస్తుంది. అదే నా కొంప ముంచింది. కాదు, అబద్ధం ఎందుకు, నా కొంపేం మునగలేదు.

అప్పుడు మా పార్టీ ప్రతిపక్షంలో ఉంది. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. మేం అధికారంలోకి వస్తే శాంతిభద్రతల విషయంలో, న్యాయం విషయంలో ఏం చేస్తామో రాసే కమిటీలో నన్ను వేశారు. ఒట్టు, ఆ రాతలో నేను నమ్మని మాట ఒక్కటీ లేదు. బస్సు దిగిన ఆడపిల్ల ఇంటిదాకా నడిచే దారిలో లైట్లుండాలి. స్టేషనులో ఆడవాళ్ళ గోడు ఆడవాళ్ళే వినాలి, అదీ తలుపున్న గదిలో. కోర్టులో తనని పాడుచేసినవాడి మొహం చూస్తూ నిలబడి చెప్పుకోవాల్సిన గతి ఏ పిల్లకీ పట్టకూడదు. ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు బయటికి పొక్కకూడదు. ఈ ఆఖరిది నేనే పట్టుబట్టి పెట్టించాను.

అయితే ప్రతిపక్షంలో ఉన్నవాళ్ళకి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎక్కడో ఘోరం జరిగిందని వినగానే, అయ్యో అనుకునే ముందే, ఇది మనకి పనికొస్తుందా అనిపిస్తుంది. అయ్యో అనిపించదని కాదు. అనిపిస్తుంది, కాస్త వెనకాల. ప్రభుత్వం చేతకానితనం జనానికి చూపించాలంటే చూపించడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని వెతకడం మా పనైపోయింది. నేను ఆ పనిలో దిట్టనని పేరు కూడా తెచ్చుకున్నాను.

అలాంటి రోజుల్లో, నేను పుట్టి పెరిగిన పెడనలోనే ఒక అమ్మాయి మీద దాడి జరిగింది. చదువు ముగించి బందరులో బట్టల షాపులో పనికి కుదురుకున్న పిల్ల. బస్సు దిగి నడిచొస్తుంటే దీపాల్లేని దారిలో ఇద్దరు అడ్డగించారు. అంతకు మించి చెప్పను, చెప్పే హక్కు నాకు లేదు. వాళ్ళలో ఒకడు అప్పటి అధికార పార్టీ నాయకుడికి దగ్గరి చుట్టం. అమ్మాయి వాళ్ళ నాన్న కూడా అద్దకం పనివాడే. పరువు పోతుంది, కేసు వద్దు అంటూ తల్లిదండ్రులు వెనక్కి లాగుతుంటే, వాళ్ళని కూర్చోబెట్టి ధైర్యం చెప్పి ఫిర్యాదు రాయించింది సుశీల గారు, ఆ స్టేషను హెడ్ కానిస్టేబుల్. మీ పేరు ఈ గడప దాటదు, నాది పూచీ అందట. దాటలేదు కూడా. పేపర్లలో జిల్లాకి చెందిన ఒక యువతి అని మాత్రమే వచ్చింది. పెడనలో పక్కింటివాళ్ళకి కూడా తెలియదు. ఆ పిల్ల కొన్నాళ్ళు ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంట్లో ఉండి, మళ్ళీ షాపుకి వెళ్ళడం మొదలుపెట్టింది.

కేసు సంగతి అడగడానికి, లాయరునని, వాళ్ళ నాన్న గుట్టుగా నా దగ్గరికి వచ్చాడు; నాకు తెలిసింది అలాగే. మా రాష్ట్ర నాయకుడు పరామర్శకి వస్తానన్నారు. పరామర్శ ఎలా ఉంటుందో మీరూ చూసే ఉంటారు. పెద్దాయన వస్తారు, తల మీద చెయ్యి వేస్తారు, కెమెరాలు ఆ చేతిని చూపిస్తాయి. పెడనకి కార్లన్నీ వస్తే జనం మూగుతారని, గుడివాడలో మా పార్టీవాళ్ళ ఇంట్లో ఏర్పాటు చేశాను. ఊరి పేరు ఎవరూ ఎత్తకూడదని అందరికీ చెప్పాను. నా జాగ్రత్తకి నేనే మురిసిపోయాను. అమ్మాయినీ వాళ్ళమ్మనీ నా కారులోనే తీసుకెళ్ళాను. మేం రామంటూ వాళ్ళు మొదట మొండికేశారు. సార్ నోటితో అడిగితే కేసు గట్టిగా నడుస్తుందని నచ్చజెప్పాను. దారిలో వాళ్ళమ్మ ఒకే మాట మళ్ళీ మళ్ళీ అడిగింది, పిల్ల మొహం కనపడదు కదండీ అని. కనపడదమ్మా అని ప్రతిసారీ చెప్పాను.

అక్కడికి వెళ్ళాక కెమెరా అతను పెదవి విరిచాడు. అమ్మాయి చున్నీ పల్చగా ఉందిట, లైటు పడితే ముక్కూ మొహం తెలిసిపోతున్నాయిట. ఆ ఇంటావిడ లోపల్నుంచి తెల్ల దుప్పటి తెచ్చింది. శవానికి కప్పినట్టుంటుందని నేనే వద్దన్నాను. వాళ్ళమ్మ సంచిలోంచి ఒక గుడ్డ అంచు కనపడుతోంది. లాగి విప్పాను. ఎర్ర నేల మీద నల్ల మామిడి పిందెలు, ఒక్కో పిందె లోపల ముడుచుకుని పడుకున్న చిన్న చేప. అక్కడక్కడా రంగు కాస్త పాకింది. ఎంత బాగుందో చెప్పలేను.

"ఇది కప్పుదాం," అన్నాను.

"అది వద్దండీ." దారంతా నోరు విప్పని పిల్ల అంది. "అది నాన్న అద్దింది. కొత్త అచ్చు. మచ్చుకి వేస్తే రంగు పాకిందని ఇంటికి తెచ్చేశాడు. అలాంటిది ఇంకెక్కడా లేదండి."

"టీవీలో గుడ్డని ఎవరు చూస్తారమ్మా? సార్‌ని చూస్తారు గానీ."

"మా వీధిలో గుడ్డే చూస్తారండి. చూస్తే తెలిసిపోద్ది."

"టైం లేదమ్మా తల్లీ. సార్ ఊళ్ళోకి వచ్చేశారు. నేనున్నానుగా, నీకేం భయం?"

ఆ పిల్ల తల వంచింది, నేను కప్పాను.

ఇక్కడ ఆగాలి. ఎప్పుడూ ఇక్కడే ఆగుతాను. తెలియక చేశానా? హడావిడిలో తట్టలేదా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో ఈ ప్రశ్న, ప్రతిసారీ నాకు నచ్చిన జవాబే చెప్పుకున్నాను. అసలు సంగతి చెప్తాను. చిన్నప్పుడు మా వీధి పిల్లలం ఒక ఆట ఆడేవాళ్ళం. పెళ్ళింట్లో పరిచిన దుప్పట్లు చూసి ఏది ఎవరి షెడ్డుదో చెప్పాలి. అచ్చు అంచు అరిగిన తీరునిబట్టి, ఎరుపులోని ముదురునిబట్టి చెప్పేసేవాళ్ళం. ఒక్కోసారి ఎవరి చేతి దెబ్బో కూడా తెలిసిపోయేది. ఆ ఆటలో నన్ను గెలిచినవాళ్ళు లేరు. అలాంటి నాకు, మచ్చు ముక్క అని ఆ పిల్ల అన్నప్పుడు తట్టకపోవడమేమిటి? తట్టింది. ఆ వెనకే తెల్ల దుప్పటి కళ్ళ ముందుకొచ్చింది, ఆ ఎరుపు పక్కన సార్ తెల్ల చొక్కా కళ్ళ ముందుకొచ్చింది, రేపు పేపర్లో ఆ బొమ్మ ఎలా ఉంటుందో కళ్ళకి కట్టింది, ఏమీ కాదులే అని నాకు నేను చెప్పుకున్నాను. ఏమీ కాదులే అనుకోవడానికి కళ్ళు మూసి తెరిచినంత సేపు చాలు. ఎంత సులువో!

బొమ్మ చాలా బాగా వచ్చింది. అన్ని పేపర్లలోనూ అదే.

పెడనలో ఆ సాయంత్రమే గుర్తుపట్టారు. షెడ్డులో టీవీ చూస్తున్నవాళ్ళు గుర్తుపట్టారు, అచ్చు చెక్కినాయన గుర్తుపట్టాడు. ఆ ముక్క ఎవరింట్లో ఉందో వాళ్ళందరికీ తెలుసు. మర్నాడు అమ్మాయి వాళ్ళ నాన్న పనికి వెళ్తే ఒక్క అచ్చు చప్పుడు లేదుట. అందరూ పని ఆపేసి ఆయన్ని చూశారుట. తర్వాత షాపు యజమాని పిల్లని కొన్నాళ్ళు రావద్దన్నాడు. ఓదార్చడానికని వచ్చినవాళ్ళు గుచ్చి గుచ్చి అడిగారు, సందులో కుర్రాళ్ళు కూతలు కూశారు. చూస్తుండగానే ఇంటికి తాళం పడింది. దివిసీమలో కోడూరు దగ్గర ఆమె మేనమామ ఉంటే అక్కడికి వెళ్ళిపోయారు.

పేరు ఎలా బయటికి వచ్చిందని విలేకరులు అడిగారు. బందరు పార్టీ ఆఫీసులో, మైకుల ముందు, నన్నొక్కదాన్నే అడిగారు. ముందుగా అనుకున్న జవాబు కాదది. నోటికి వచ్చేసింది. "స్టేషను నుంచే పొక్కింది, అధికార పార్టీవాళ్ళని కాపాడటానికి పోలీసులే ఆ పిల్లని బజారున పెట్టారు," అన్నాను. పక్కనున్నవాళ్ళు తలలూపారు. ఆ మాట అనేశాక దాన్ని నిలబెట్టడం నా వృత్తి. రోజూ అన్నాను, ధర్నాలో అన్నాను, సార్ చేత సభలో అనిపించాను. పెడన అద్దకం వీధిలో అందరికీ నిజం తెలుసు. కానీ గుర్తుపట్టింది మేమే అని ఎవరొచ్చి చెప్తారు? చెప్తే ఊరంతా పాకించింది కూడా వాళ్ళే అవుతారు. నోరు మూసుకున్నారు. వాళ్ళ మౌనం నాకు కలిసొచ్చింది.

ప్రభుత్వం మీద ఒత్తిడి పెరిగి సుశీల గారిని సస్పెండ్ చేశారు. తర్వాత మళ్ళీ తీసుకున్నారు గానీ, ఎక్కడో మారుమూలకి వేశారు. రావాల్సిన ప్రమోషను రాలేదు. ఫిర్యాదుదారుల వివరాలు బయటపెట్టిన పోలీసుల మీద కఠిన చర్య తీసుకుంటామని మా వాగ్దానాల్లో ఒక ముక్క చేరింది. రాసింది నేనే. ఆ ముక్కకి సభల్లో చప్పట్లు బాగా పడేవి.

కేసు? వీగిపోయింది. అమ్మాయి సాక్ష్యానికి రాలేదు. ఎలా వస్తుంది? పేరు దాటదని ఒకరు చెప్పారు, మొహం కనపడదని ఇంకొకరు చెప్పారు. ఇంక కోర్టు చెప్పేది ఏం నమ్ముతుంది? ఆ ఇద్దరూ దర్జాగా బయటికి వచ్చారు. మా వాళ్ళు దాన్ని కూడా వాడుకున్నారు, ప్రభుత్వ న్యాయవాది అమ్ముడుపోయాడన్నారు. నేను ఆ రోజు ఇంట్లోంచి కదల్లేదు, జ్వరమని చెప్పాను.

మేం గెలిచాం. చెప్పినవి కొన్ని చేశాం, అది కూడా నిజమే. ఆ దారిలో ఇప్పుడు లైట్లు వెలుగుతున్నాయి. ఆడపిల్లలు నవ్వుకుంటూ నడిచిపోతుంటే చూశాను. చూసి సంతోషించాను కూడా, అందుకు నన్నేమనుకుంటారో మీ ఇష్టం. తర్వాతి ఎన్నికల ప్రచారంలో ఒకసారి కోడూరు వైపు వెళ్ళినప్పుడు, రొయ్యల చెరువు గట్టు మీద ఆ అమ్మాయి వాళ్ళ నాన్న కనిపించాడు. కాపలా పనిట. నమస్కారం పెట్టాడు. మా నాన్న చేతులు నాకు ఇంకా గుర్తే, గోళ్ళ చుట్టూ ఎరుపు ఎన్నడూ వదిలేది కాదు. ఈయన చేతుల్లో అది లేదు. పిల్ల ఎలా ఉందని అడుగుదామనుకున్నాను. జీపెక్కి చెయ్యి ఊపాను.

ఇలాగే వెళ్ళిపోయేది నా బతుకు. కిందటి వానల్లో గుడివాడలో ఏదో మీటింగుంటే వెళ్ళాను. మా కార్యకర్త ఒకతను, ఇక్కడ రిటైరైన పోలీసావిడ ఉన్నారు, ఈ మధ్యే భర్త పోయారు, ఒకసారి పలకరించి వెళ్దాం మేడమ్ అన్నాడు. సరేనన్నాను. గుమ్మంలోకి వెళ్ళాక గానీ తెలియలేదు, ఆవిడ సుశీల గారని.

ఆవిడ నన్ను చూసి లేచి నిలబడింది. కూర్చోండి మేడమ్ అంది. కోపమేమీ కనపడలేదు ఆ మొహంలో, అదే ఇంకా భయపెట్టింది. తనే మొదలుపెట్టింది.

"అప్పుడు పేరు మా దగ్గర్నుంచే పొక్కిందన్నారు కదండీ మీరు. నేనెవరికీ చెప్పలేదు. మా ఆయనకి తప్ప. ఆ పిల్ల చెప్పింది రాసుకుని ఇంటికొచ్చాక ఏడుపాగలేదు, ఆయనతో చెప్పుకున్నాను. తర్వాత మీరు టీవీలో అన్నారు. లాయరు గారు, ఊరికే అంటారా అనుకున్నాను. ఆయన్నే నిలదీశాను. కాదని ఒట్టేశారు, నేను నమ్మలేదు. ఒకే ఇంట్లో ఉండీ సరిగ్గా మాట్లాడుకోలేదండి మేం. చివర చివర్లో ఆయనకే అనుమానం వచ్చేసింది. ఏమో సుశీలా, టీ కొట్టు దగ్గర ఎప్పుడైనా నోరు జారానేమో అనేవారు. అలా అనుకుంటూనే పోయారు."

పక్కన కార్యకర్త ఉన్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళి కాఫీ తెచ్చింది. తాగాను. అవును, తాగి, చక్కెర సరిపోయిందని కూడా చెప్పాను.

మళ్ళీ వెళ్ళడానికి నెలలు పట్టింది. ఆ నెలల్లో నేను ఎన్ని వంకలు వెతుక్కున్నానో చెప్తే నవ్వుతారు. పోయినాయన ఎలాగూ రాడు కదా అనుకున్నాను. ఇప్పుడు చెప్తే ఆవిడకి ఇంకా బాధే కదా అనుకున్నాను. నా బాధ తగ్గించుకోవడానికి ఆవిడ ఇంటికి పోవడం కూడా ఒక పరామర్శే కాదా అనుకున్నాను. ఈ మాట ఇప్పటికీ తీసెయ్యలేను. అయినా వెళ్ళాను. ఈసారి కారు లేదు, వెంట ఎవరూ లేరు. బందరులో బస్సెక్కి గుడివాడలో దిగి నడిచాను.

ఆవిడ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. కుర్చీ చూపించింది. నేను కూర్చోలేదు. కూర్చుంటే మాటలు మారిపోతాయని భయం.

"పేరు స్టేషను నుంచి రాలేదండీ," అన్నాను. "మీ ఆయన దగ్గర్నుంచీ రాలేదు. నా వల్ల వచ్చింది. ఆ అమ్మాయి వద్దన్న గుడ్డ నేను కప్పాను. చూస్తే గుర్తుపడతారని తెలిసి కప్పాను. తర్వాత మీ మీద చెప్పాను."

ఇంకా చెప్పాను. గుడ్డ సంగతి, మచ్చు సంగతి, మైకుల సంగతి, అంతా. ఆవిడ చేతులు ఆగలేదు. ఈనె తీస్తూనే ఉంది, తీసిన కాయనే మళ్ళీ తీస్తోంది. నేను ఆపాక అడిగింది.

"ఆ పిల్లకి ఇదంతా తెలుసాండీ?"

"తెలుసు. నాకు ముందే చెప్పింది కదా."

"మరి నా మీద విచారణ జరుగుతుంటే వచ్చి చెప్పలేదేం?"

"ఆమెని ఎవరూ అడగలేదండీ. మీ డిపార్టుమెంటూ అడగలేదు, మా పార్టీ అడగలేదు."

ఆవిడ చేతిలోది పళ్ళెంలో పెట్టింది. "నేనూ అడగలేదు," అంది.

ఆ తర్వాత లేచింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కూడా కోరుకున్నాను, తిడితే ఎంతో కొంత తీరినట్టుంటుంది కదా. నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళింది. నడిమి గదిలో ఆయన పటం ఉంది. దాని ముందు నిలబడింది. నేనక్కడ ఉన్నానన్న సంగతే మర్చిపోయింది.

"ఏవండీ," అంది. "మీరు కాదంట."

ఇంకోసారి అంది, ఈసారి గొంతు పగిలిపోయి. "విన్నారా? మీరు కాదంటండీ."

నన్ను ఉండమనలేదు, పొమ్మనలేదు. చెప్పులేసుకుని గేటు దగ్గరికి వేసి రోడ్డు మీదికి వచ్చాను. లోపల్నుంచి ఏడుపు వీధి మలుపుదాకా వినపడుతూనే ఉంది. ఇది కూడా మీకు చెప్పెయ్యాలి. ఆవిడ అక్కడ అలా ఏడుస్తుంటే, ఇన్నేళ్ళకి నాకు హాయిగా ఊపిరి ఆడింది.